తిరిగివ్వని ఫోటో

పద్దెనిమిదో కవరులోనూ లేదు. తణికాచలం దాన్ని ఎడమ పక్క కుప్పలో పడేసి, అట్టపెట్టెలో చెయ్యి పెట్టి ఇంకో కవరు పైకి లాగాడు. దానితోపాటు ఎండిపోయిన బొద్దింక ఒకటి, తుప్పు పట్టిన గుండుసూది ఒకటి వచ్చాయి. సూది బొటనవేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని రెండో చేత్తో కవరు చించాడు. లోపల నాలుగు ఫోటోలు. ఎవరో అధికారి మొక్క నాటుతున్నాడు, అదే అధికారి ఆ మొక్కకు నీళ్ళు పోస్తున్నాడు, చేతులు తుడుచుకుంటున్నాడు, కారెక్కుతున్నాడు. నాలుగూ తను తీసినవే. ఒక్కటీ అచ్చు కాలేదు.

తిరువళ్ళూరు స్టేషనుకు ఎదురుగా మందుల షాపు మీద ఉన్న ఆ ఒంటి గది ఒక తమిళ పత్రికకు జిల్లా ఆఫీసు. నెలాఖరుకు మూసేస్తున్నారు. రిపోర్టరే సెల్‌ఫోనులో ఫోటో తీసి నిలబడ్డ చోటి నుంచే పంపించేస్తుంటే గదితో పనేముంది, ఫోటోగ్రాఫరుతో మాత్రం పనేముంది? తణికాచలానికి ఆ సంగతి మూడు నెలల కిందటే చెప్పారు. ఒక శాలువా కప్పి, గది తాళం చెవి చేతిలో పెట్టి, సామాను తీయించి శుభ్రం చేయించమన్నారు. ముప్పైనాలుగేళ్ళు పనిచేసిన మనిషికి చివరగా అప్పగించిన పని అది. దాన్ని కూడా ఆయన రేపు, ఎల్లుండి అంటూ సాగదీస్తూ వచ్చాడు. ఇవాళ తెల్లారక ముందే వచ్చి తాళం తీశాడంటే నిన్న సాయంత్రం వచ్చిన ఫోనే కారణం.

"అన్నా, నేను నటరాజ్‌ను, తిరుత్తణి నుంచి. కుప్పమ్మ తమ్ముణ్ణి," అన్నాడు అవతలి మనిషి. "అక్క పడక ఎక్కేసిందన్నా. బేస్తవారం నుంచి గంజి గూడా దిగలే. డాక్టరు ఇంటికి తీస్కోని పొమ్మనేసినాడు. ఒగటే మాట అంటా ఉండాది. ఫోటోకారన్న వచ్చినాడా, పాప ఫోటో తెచ్చినాడా అని. కండ్లకు పొర కమ్మేసింది, సరిగ్గా ఆనదు. అయినా చేత్తో పట్టుకుంటాది గదా. యాడన్నా ఉంటే చూడన్నా."

"తెస్తా తమ్ముడూ. రేపు తెస్తా," అన్నాడు తణికాచలం. ఫోను పెట్టేశాక గాని ఇరవై ఒక్క ఏళ్ళ కిందట చెప్పిన మాటనే మళ్ళీ చెప్పానని ఆయనకు తట్టలేదు.

పొద్దున మణవాళనగర్‌లో ఇంటి నుంచి బయలుదేరుతుంటే భార్య వరదమ్మ లేచి కూర్చుంది. ఆయన అలవాటు కొద్దీ కెమెరా సంచి కుడి భుజాన వేసుకున్నాడు. లోపల ఉన్న కెమెరాకు లెన్సు బూజు పట్టి రెండేళ్ళయింది. అయినా ఆ బరువు లేకపోతే నడక కుదరదు ఆయనకు. కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు దిగిపోయి ఉంటుంది, చొక్కాలన్నీ ఆ పక్క మోకాలి వైపు వేలాడతాయి.

"యాడికి ఇంత పొద్దున్నే?" అంది వరదమ్మ.

"ఆఫీసుకు. కుప్పమ్మ ఫోటో ఎతకాల."

వరదమ్మకు ఆ పేరు కొత్త కాదు. చేతికి అందిన జుట్టు ముడేసుకుంది. "దొరికితే తీస్కోని పో. దొరక్కపోతే ఒట్టి చేతులతో అయినా పో. వచ్చినాడు అనుకుంటాది, అది చాలు. దొరకలేదని ఆడనే కూసుండిపోవద్దు," అంది. తణికాచలం సరేనన్నాడు. సరేననడంలో ఆయనకు ఎప్పుడూ ఇబ్బంది లేదు.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, రాత్రి షిఫ్టు దిగిన ఆడపిల్లలను ఇళ్ళకు చేర్చే ఫ్యాక్టరీ వ్యాను, తిరుత్తణికి రెండు మైళ్ళ ఇవతల కంకర టిప్పరు కిందికి దూరింది. ఆరుగురు పోయారు. తణికాచలం మొదటి బస్సు పట్టుకుని వెళ్ళి, వ్యానును, చెప్పులను, రోడ్డు మీద చెదిరిపోయిన టిఫిను డబ్బాలను తీశాడు. అంతటితో పని అయిపోదు. పత్రికల్లో ప్రమాదం ఫోటో ఒక ఎత్తు, పోయినవాళ్ళ ముఖాలు ఇంకో ఎత్తు. ముఖాలను సింగిల్ కాలమ్‌లో, తపాలా బిళ్ళ కంటే కాస్త పెద్దగా వేస్తారు. వాటి కోసం ఇళ్ళకు పోవాలి. ఏడుస్తున్న ఇంటి ముందు చెప్పులు విడిచి లోపలికి నడిచి, మనుషుల వంక కాకుండా గోడల వంక చూడాలి.

ఈ విద్యలో తణికాచలానిది అందె వేసిన చెయ్యి. గొంతు తగ్గించి అన్నా అనో చెల్లెమ్మా అనో పిలిచి, ఆ ఇంట్లో ఎవరు ఏడవడం లేదో కనిపెట్టి వాళ్ళను పక్కకు తీసుకుపోయి, ఐదు నిమిషాల్లో ఫోటోతో బయటపడేవాడు. మిగతా పత్రికల ఫోటోగ్రాఫర్లు ఆయన బయటికొచ్చే దాకా టీ తాగుతూ కూర్చునేవాళ్ళు. ఆ రోజుల్లో ఆయనకు దీని మీద కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పద్ధతిగా చేసేవాడు గోడ మీది పటాన్ని అక్కడికక్కడే కెమెరాతో కాపీ తీసుకుని, అసలుది మళ్ళీ మేకుకు తగిలించి వస్తాడు. ఐదిళ్ళల్లో తణికాచలం అట్లాగే చేశాడు. ఆరో ఇల్లు కుప్పమ్మది. అప్పటికి రోలులో రెండు ఫోటోలకు సరిపడా ఫిల్మే మిగిలింది. మంత్రి ఆస్పత్రికి రావచ్చని ఎవరో అన్నారు. ఆ రెండూ ఆయన మంత్రి కోసం దాచుకున్నాడు. మంత్రి రాలేదు.

కుప్పమ్మ తిరుత్తణి మరమగ్గాల వీధిలో నూలు చుట్టేది. మొగుడు వదిలేసి పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్క కూతురు, సెల్వి. సెల్వికి మొదటి జీతం వచ్చిన నెల తల్లీకూతుళ్ళు స్టూడియోకు పోయి ఫోటో దిగారు. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పటమే. తల్లి కుర్చీలో కూర్చుని ఉంటే, కూతురు పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి ఉంటుంది. పదో తరగతి గ్రూపు ఫోటో రోజున సెల్వికి జ్వరం, ఫ్యాక్టరీ కార్డు వ్యానులో నుజ్జయిపోయింది. ఇవన్నీ తణికాచలానికి తరువాత తెలిశాయి. ఆ పూట ఆయనకు తెలిసిందల్లా రైలుకు పావుగంటే ఉందని. మేకు మీది నుంచి పటం దించి, వెనక అట్టకున్న చీలలను ఇంటి తాళం చెవితో ఊడబెరికాడు. అద్దం పగిలింది. ఫోటో మాత్రం లాక్కుని చట్రాన్ని గోడకు ఆనించాడు.

కుప్పమ్మ మూలన కూర్చుని ఇదంతా చూస్తోంది.

"రేప్పొద్దునకే తెచ్చిస్తా చెల్లెమ్మా," అన్నాడు. "పేపర్లో ఏస్తారు. ఊరంతా చూస్తాది నీ బిడ్డను."

"నలిగిపోకుండా చూడన్నా," అంది కుప్పమ్మ.

ఫిల్ము రోలు మద్రాసు చేరడానికి అప్పట్లో దారి ఒకటే. ఖాకీ కవరులో పెట్టి, పైన ఎర్ర ఇంకుతో ప్రెస్ అని రాసి, రైలు గార్డు చేతికో, రోజూ పోయే సీజను టికెట్టు ప్రయాణికుడి చేతికో ఇచ్చేవాళ్ళు. సెంట్రల్ స్టేషనులో ఆఫీసు మనిషి కాచుకుని ఉండి అందుకునేవాడు. సెల్వి ఫోటో కూడా ఆ కవరులోనే పోయింది. మరునాటి పేపర్లో ఐదు ముఖాలు వచ్చాయి. ఆరో ముఖం రావాల్సిన చోట నగల దుకాణం ప్రకటన ఉంది. కుప్పమ్మ వారం రోజులు వరసగా పేపరు కొనిందని, చదవడం రాని మనిషి ఒక్కో పేజీ తిప్పి తిప్పి చూసేదని ఎవరో చెప్పారు.

ఆ తరువాత ఏటా ఆడి కృత్తిక పండగ నాడు మొక్కు కావళ్ళు మోసేవాళ్ళ ఫోటోల కోసం ఆయన తిరుత్తణి కొండకు పోయేవాడు. మెట్ల మొదట్లో కుప్పమ్మ నిలబడి ఉండేది. ఫోటో అన్నా, అనేది. మద్రాసు నుంచి ఇంకా రాలేదు చెల్లెమ్మా, అనేవాడు. నాలుగైదేళ్ళకు ఆమె అడగడం మానేసి ఊరికే చూస్తూ నిలబడటం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆయన మెట్ల దారి వదిలేసి, బస్సులు పోయే దారిన కొండెక్కడం మొదలుపెట్టాడు.

ఒకసారి మగ్గాల వాళ్ళ సమ్మెకు ఫోటోలు తీయబోయి, తప్పించుకోలేక ఆమె ఇంట్లోకి అడుగు పెట్టాల్సి వచ్చింది. గోడ మీద ఆ మేకు అట్లాగే ఉంది. దాని కింద పటం ఉండిన జాగాను వదిలేసి, చుట్టూ ఏటేటా సున్నం కొట్టిస్తూ వచ్చింది కుప్పమ్మ. తెల్లటి గోడలో ఆ చదరం ఒక్కటే పాతబడి పసుపుపచ్చగా మిగిలింది. చదరంలో పైభాగాన, ఒక పక్కగా, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. సెల్వి ముఖం ఉండిన చోటది. పటంలో ఉన్న బిడ్డకు పెట్టాల్సిన బొట్టును ఆమె శుక్రవారం శుక్రవారం గోడకు పెడుతోంది. తణికాచలం ఆ రోజు ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి బయటికి వచ్చి, వీధి మొదట్లో గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఇంటికి పోయాక అన్నం తినలేదు. నాలుగు రోజుల తరువాత మామూలుగానే తిన్నాడు.

తొమ్మిదిన్నర అయింది. రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి.

ఈ కవర్లన్నీ మద్రాసు నుంచి తిరిగి వచ్చినవి. వాడని ఫోటోలను అక్కడ నెలకోసారి మూట కట్టి జిల్లాలకు పంపేసేవాళ్ళు. తణికాచలం వాటిని ఎన్నడూ విప్పలేదు. పనికిరావన్న ఫోటోలను మళ్ళీ చూసుకోవడం ఏ ఫోటోగ్రాఫరుకు ఇష్టం? వచ్చినవి వచ్చినట్టు అట్టపెట్టెలో వేసి, తన కుర్చీ వెనక్కి తోసేసేవాడు. ఇప్పుడు ఒక్కొక్కటే చించుతుంటే ఆయన బతుకంతా బయటపడుతోంది. పూండి చెరువు గేట్లు ఎత్తినప్పుడు మెడలోతు నీళ్ళలో నిలబడి తీసినది. పళవేర్కాడులో తుఫాను మరునాడు బోల్తా పడ్డ పడవ మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటున్న ముసలావిడ. ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర మూడు రోజులు ఆగిపోయిన లారీల కింద వంట చేసుకుంటున్న డ్రైవర్లు. మంచి ఫోటోలు. ఇంత మంచివని ఆయనకే గుర్తు లేదు. అచ్చయిన వాటిలో ఏమున్నాయి? రిబ్బను కత్తిరింపులు, శాలువాలు, కుర్చీల వరసలు. వాటి కింద కూడా మా ఫోటోగ్రాఫర్ అని వేసేవాళ్ళే గాని తణికాచలం అన్న పేరు ఒక్కనాడూ వేయలేదు.

ఇంకో నిజం కూడా ఉంది. ఆ ఫోటో ఈ గదిలోనే ఉండొచ్చని ఆయనకు ఏ మూలో ఎప్పుడూ అనుమానంగానే ఉండేది. వెతికితే దొరుకుతుందేమోనని భయం. దొరికితే, ఇన్నేళ్ళూ అది తన వీపు వెనకే ఉన్నట్టు తేలుతుంది. అంతకంటే మద్రాసు వాళ్ళను తిట్టుకోవడం సులువు.

పన్నెండున్నరకు మూడో పెట్టె అడుగున దొరికింది.

కవరు విప్పకముందే వేళ్ళకు తెలిసింది. స్టూడియో ఫోటోకుండే గట్టి అట్ట. బయటికి లాగాడు. కుర్చీలో కుప్పమ్మ. ఇంత చిన్న వయసులో ఉన్న కుప్పమ్మను ఆయన మరిచేపోయాడు. నిండుగా, చెవులకు రాళ్ళ కమ్మలతో, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. ఆమె భుజం మీద ఒక చెయ్యి, ఆ చేతికి గాజులు. పక్కన లంగా దావణిలో నిలబడిన పిల్ల, భుజం మీదికి జారిన మల్లెపూల దండ. మెడ పైన ఏమీ లేదు. సింగిల్ కాలమ్ కొలతకు, బ్లేడుతో, నలుచదరంగా కోసేశారు. ఒక మూల బ్లేడు కొంచెం ఎక్కువ దూరం పోయింది. ఆ కంతలోంచి తణికాచలానికి తన అరచెయ్యి కనిపించింది.

వెనక్కి తిప్పాడు. తన చేతిరాతే, తమిళంలో: సెల్వి, 19, తిరుత్తణి. దాని మీద ఊదా రంగు ముద్ర: వాడలేదు. తేదీ చూశాడు. ప్రమాదం జరిగిన నెలాఖరుకే తిరిగొచ్చింది.

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. కోసిన ముఖాన్ని పేజీలో అతికించి ఉంటారు. ప్రకటన రాగానే పీకి చెత్తబుట్టలో వేసి ఉంటారు. అచ్చు కూడా కాలేదు. ఈ లోకంలో ఆ పిల్ల ముఖం ఇంకెక్కడా లేదు. కింద రోడ్డు మీద బస్సు కండక్టరు ఊత్తుక్కోట్టై, ఊత్తుక్కోట్టై అని అరుస్తున్నాడు. తణికాచలం నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఒకటీ యాభైకి తిరుత్తణి బండి ఉంది. ఒంటిగంటకు మొహం కడుక్కుని కిందికి దిగాడు. స్టేషనుకు పోవాల్సిన వాడు మందుల షాపు పక్కనున్న డిజిటల్ స్టూడియో ముందు ఆగాడు. ప్రియదర్శిని అని పాతికేళ్ళ పిల్ల నడుపుతుంది దాన్ని. కంప్యూటరు పనులు అడగడానికి ఆయన అప్పుడప్పుడు వస్తుంటాడు.

"ఇందులో మొగం పెట్టను అవుతుందా పాపా?"

ప్రియదర్శిని ఫోటో చూసి, కంతలో వేలు పెట్టి చూసింది. "ఇప్పుడు అన్నీ అవుతుంది అంకుల్. అమ్మ మొగం ఉండాది గదా, దాన్నే వయసు తగ్గించి బిడ్డ మొగం చేసేయొచ్చు. పది నిమిషాలు. ఎవురికి?"

"వాళ్ళమ్మకు. కండ్లు సరిగ్గా తెలీదు ఆమెకు."

"అయితే ఇంకేమి?" అంది ఆ పిల్ల. తప్పుగా ఏమీ అనలేదు. తెరమీద కుప్పమ్మ ముఖం చిన్నబడింది, చెంపలు లేతబడ్డాయి. "ముక్కు ఇట్లుండెనా అంకుల్? ముక్కుపుడక ఉన్నిందా? పాపిట మధ్యలోనా, పక్కకా?"

తణికాచలం తెర వంక చూశాడు. ఆ ఫోటోను ఆయన చేత్తో పట్టుకుని రైలుస్టేషను దాకా పరుగెత్తాడు. ఒక్కసారైనా చూశాడా? అద్దం పగలడం గుర్తుంది, చీలలు గుర్తున్నాయి, స్టేషను గడియారం గుర్తుంది. ముఖం గుర్తు లేదు.

"నీకు తోచినట్టు పెట్టు," అన్నాడు.

ప్రింటు తీసే వేళకు కరెంటు పోయింది. ఒకటీ నలభై. గుమ్మంలోంచి ఎదురుగా స్టేషను కనిపిస్తూనే ఉంది. ఒట్టి చేతులతో అయినా పో అన్న వరదమ్మ మాట ఆయన చెవిలోనే ఉంది. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కంత పడ్డ ఫోటోతో ఆ మనిషి ముందు నిలబడటం ఆయన వల్ల కాలేదు. అబద్ధమైనా సరే, ఏదో ఒక ముఖం చేతిలో ఉండాలి. ఒకటీ యాభై బండి కూత వేసుకుంటూ పోయింది. తరువాతిది మూడూ ఇరవైకి. ఆలోపల కరెంటు వచ్చి, ప్రింటు చేతికందింది.

ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుని, కడంబత్తూరు దాటాక ప్రింటు బయటికి తీశాడు. పిల్ల బాగుంది. చక్కగా నవ్వుతోంది. వీధిలో ఎదురైతే ఎవరమ్మా నువ్వు అని అడగాల్సిన పిల్ల. అసలు ఫోటో కింద పెట్టి, ఇది పైన పెట్టి, రెండూ ఖాకీ కవరులో దూర్చాడు. తిరువాలంగాడు దాటుతుంటే ఫోను మోగింది. నటరాజ్. ఎత్తలేదు. అది మోగి మోగి ఆగింది. అరక్కోణంలో బండి ఆగినంతసేపూ ఆయన ఆ ఫోనును రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

మగ్గాల వీధి మొదట్లో ఆటో దిగేసరికి నాలుగున్నర దాటింది. వీధిలో చప్పుడు లేదు. పగలూ సాయంత్రం టకటకమని చెవులు దిబ్బళ్ళు పడేట్టు మోగే వీధి అది. కరెంటు పోయిందేమో అనుకున్నాడు. టీ కొట్లో ఫ్యాను తిరుగుతోంది. ఆ వీధిలో మనిషి పోతే శవం ఎత్తే దాకా మగ్గాలు ఆపేస్తారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. ఎన్నో సార్లు కెమెరా పట్టుకుని ఆ నిశ్శబ్దంలోకి వచ్చినవాడే.

ఇంటి ముందు బెంచీలు వేస్తున్న నటరాజ్ ఆయనను చూసి ఎదురొచ్చాడు. ఏభై ఏళ్ళ మనిషి, కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడూ ఇరవైకన్నా," అన్నాడు. "నీకు ఫోను చేసినా, ఎత్తలే. మూడు దాకా తెలివిగానే ఉన్నింది. వాకిలి పక్కే చూస్తా ఉన్నింది."

ఒకటీ యాభై బండి మూడింటికి ముందే తిరుత్తణి చేరుతుంది. స్టేషను నుంచి ఈ ఇంటికి ఐదు నిమిషాలు. వద్దనుకుంటూనే తణికాచలం ఆ లెక్క వేశాడు.

లోపల కుప్పమ్మను చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. మనిషి చిన్నపిల్ల అంత అయిపోయింది. తణికాచలం చెయ్యి దానంతటదే కెమెరా సంచి మీదికి పోయింది. దాన్ని వెనక్కి తీసుకుని నమస్కారం పెట్టాడు. మన్నించు చెల్లెమ్మా అని పైకే అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా అన్నాడు.

"తల దగ్గర పెట్టను అక్క ఫోటో ఒగటి గూడా లేదన్నా," అన్నాడు నటరాజ్. "ఆధార్ కార్డులోది చూస్తే అక్క మాదిరే లేదు. ఆ ఫోటో దొరికిందా?"

తణికాచలం కవరు తీసి పైనున్నది ఇచ్చాడు. నటరాజ్ దాన్ని వాకిలి వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. ముఖం కొంచెం విప్పారింది. "అక్క శానా బాగుంది," అన్నాడు. తరువాత కండ్లు చికిలించాడు. "ఈ పాప ఎవురన్నా?"

తణికాచలం ప్రింటు వెనక్కి తీసుకుని, మడిచి, జేబులో కుక్కుకున్నాడు. కింద ఉన్న అసలు ఫోటోను ఇచ్చాడు. నటరాజ్ చాలాసేపు చూశాడు.

"కోసేసినారా?"

"కోసేసినారు తమ్ముడూ."

"యాడున్నింది ఇన్నాళ్ళు?"

"నా కుర్చీ ఎనకాల."

తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. నటరాజ్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరి, ఇంక చేసేదేముంది," అన్నాడు. "అక్కను మటుకు కత్తిరించి ఇయ్యన్నా. ఫ్రేము షాపతను ఉంటాడు, ఏయించుకోని వస్తా. ఈ సగం ఎవురికి గావాల?"

"వొద్దు," అన్నాడు తణికాచలం. ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో ఫోటో కోస్తామన్న వాళ్ళతో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. "కత్తిరించొద్దు తమ్ముడూ. ఉన్నింది ఉన్నట్టే ఉండనీ."

సంచిలో నెగటివులు ఆరబెట్టే క్లిప్పు ఒకటి ఎప్పటి నుంచో పడి ఉంది. దాన్ని వెతికి తీసి, ఫోటో పై అంచుకు తగిలించి, గోడ దగ్గరికి పోయాడు. మేకు అట్లాగే ఉంది. కింద ఆ పాత చదరం, చదరంలో పసుపు, పసుపులో కుంకుమ. "పోయిన శుక్రవారం గూడా గోడ పట్టుకోని లేచి పెట్టింది," అంది కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె.

మేకుకు ఫోటో తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు. కంతలోంచి బొట్టు సగమే కనిపించింది. మళ్ళీ ముందుకు పోయి, క్లిప్పును వేలెడంత కుడి పక్కకు జరిపాడు. కదలకుండా ఉందని చూసుకున్నాక, ఎవరికీ చెప్పకుండా చెప్పులు వేసుకుని, చప్పుడు లేని ఆ వీధిలో స్టేషను వైపు నడిచాడు.

గోడ మీద కుర్చీలో కుప్పమ్మ కూర్చుని ఉంది. ఆమె భుజం మీద గాజుల చెయ్యి ఉంది, ఆ పైన ముఖం కోసేసిన కంతలో పోయిన శుక్రవారం నాటి కుంకుమ బొట్టు ఎర్రగా ఉంది.